లక్క రికార్డుల పత్రిక పెట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగం చేసుకుంటూనే 78 ఆర్‌పీఎం రికార్డుల, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క గ్రామఫోన్ రికార్డుల, సేకర్తల కోసం ఒక పత్రిక ప్రారంభించబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ దిగులూ కలిసి వస్తున్నాయి. లేబులుకు పక్కనున్న నున్నటి భాగంలో చెక్కిన మాట్రిక్స్ నంబర్లను, అంటే ఏ రికార్డింగో గుర్తించడానికి కంపెనీ వేసే నంబర్లను, భూతద్దం పెట్టి చదివి, నేను పుస్తకంలో రాసుకున్నది తప్పని ఎనిమిదేళ్ల వయసులోనే నిలదీసిన పిల్లవు. ఈ పని నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తారు? దిగులు మరొక సంగతి గురించి. ఇటువంటి చిన్న పత్రికలు వ్యాసాలు దొరక్క ఆగిపోవడం నేను చూడలేదు. వాటిని ఆపేది డబ్బు లెక్కే. అందుకే ఈ ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందుగా చెప్పేస్తాను. పత్రికలను గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ అనే 8 అంకెల సంఖ్యకు దరఖాస్తు చేయి. లేబుళ్ల ఫొటోలు 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా స్కాన్ చేయించు. మధ్యలో పిన్ను కొట్టే పత్రికైతే పుటల సంఖ్య 4 చేత భాగింపబడాలి. ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే 16 పుటల ఫారాల లెక్కన వేసుకుంటే కాగితం వృథా కాదు. రాసేవాళ్లతో హక్కుల గురించి, పారితోషికం గురించి ముందే కాగితం మీద మాట్లాడుకో. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

ఇక నీ పథకం గురించి. నెలనెలా వేస్తావట, దళసరి ఆర్ట్ పేపరు మీద వేస్తావట, ప్రతి సంచికతోనూ ఒక సీడీ ఇస్తావట! ఎవరు చెప్పారమ్మా నీకు ఇన్ని బరువులు ఒక్కసారే నెత్తికెత్తుకోమని? పగలంతా ఉద్యోగం చేసి వచ్చిన మనిషి నెలకొక సంచిక రాయించి, దిద్ది, అచ్చు వేయించి, కవర్లలో పెట్టి తపాలాకు చేర్చడం ఆరు నెలలకు మించి సాగదు. మూడు నెలలకు ఒకటి చాలు. సీడీ సంగతి అంతకన్నా కష్టం. రికార్డు పాతది కాబట్టి హక్కులు తీరిపోయి ఉంటాయని అనుకోవద్దు. పాట సాహిత్యం, స్వరకల్పనల మీద హక్కు వేరు, ధ్వనిముద్రణ మీద హక్కు వేరు, వాటి గడువులు దేశాన్ని బట్టి మారతాయి. ఆ అనుమతుల కోసం తిరిగే కాలంలో రెండు మంచి సంచికలు తయారవుతాయి. కోప్పడుతున్నానని బాధపడకు, నీ ఉత్సాహం ఏడాది తిరిగేసరికి అరిగిపోకూడదనే నా తాపత్రయమంతా.

ఇప్పుడు అసలు విషయం. నేను ఒకప్పుడు ఒక సంగీత పత్రికకు సర్క్యులేషన్ చూసేవాణ్నని నీకు తెలుసు. అది ఎందుకు ఆగిపోయిందో మాత్రం నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అది కూడా త్రైమాసికమే. మా సంపాదకుడు నిజాయితీపరుడు, సంగీతం తప్ప వేరే ధ్యాస లేనివాడు. ఆయన మాట మీది గౌరవంతో, మొదటి సంచిక బయటికి రాకముందే ఎంతోమంది ఏడాది చందా పంపారు. బ్యాంకులో అంత సొమ్ము ఒక్కసారిగా కనిపించేసరికి అదంతా పత్రిక సంపాదనేనని ఆయనకు తోచింది. సరిగ్గా ఆ సమయంలోనే ఒక డిస్ట్రిబ్యూటర్ వచ్చి, ప్రతులు మూడింతలు వేయిస్తే దుకాణాలన్నిటిలోనూ పెట్టిస్తానన్నాడు. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్ల ఖర్చు, యంత్రాన్ని సిద్ధం చేసే ఖర్చు ఎన్ని ప్రతులు వేసినా ఒకటే కాబట్టి, సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో ప్రతి చవకగా పడుతుంది. ఆ లెక్క చూసి ఆయన మురిసిపోయి, చందాల సొమ్ము తీసి ప్రెస్సుకు కట్టేశాడు.

దుకాణాల అమ్మకం ఎలా నడుస్తుందో నువ్వు ఇక్కడ శ్రద్ధగా గ్రహించాలి. డిస్ట్రిబ్యూటరు తీసుకుపోయిన ప్రతులన్నీ అమ్ముడైనట్టు కాదు. అమ్ముడుపోనివి తిరిగి ఇచ్చేయవచ్చుననే షరతు మీద ఆయన వాటిని తీసుకుంటాడు. మూడు నెలల పత్రిక మూడు నెలలు అరల్లో ఉంటుంది. ఆ తర్వాత మిగిలినవి లెక్కపెడతారు, ఆ లెక్క మీద డబ్బు రావడానికి మళ్లీ రెండు మూడు నెలలు పడుతుంది. వెల మీద దాదాపు సగం డిస్ట్రిబ్యూటరుకూ దుకాణానికీ పోతుంది. మిగిలిన ప్రతులు కూడా చాలాచోట్ల తిరిగి రావు; రవాణా ఖర్చు దండగని వాటిని గుజ్జుకు పంపి, ఇన్ని మిగిలాయని కాగితం మీద రాసి ఇస్తారు. అంటే, మొదటి సంచిక ఎన్ని అమ్ముడైందో నీకు తెలిసేసరికి రెండోది అరల్లో ఉంటుంది, మూడోది ప్రెస్సులో ఉంటుంది, ఆ రెండూ కూడా అంతే పెద్ద సంఖ్యలో అచ్చయి ఉంటాయి. మాకు జరిగింది అదే. తప్పు తెలిసేనాటికి దాన్ని మూడుసార్లు చేసి ఉన్నాము.

నాలుగో సంచికకు కాగితం కొనడానికి డబ్బు లేదు. చందాదారులకు మాత్రం ఆ సంచిక ఇంకా బాకీ. వాళ్ల ఉత్తరాలు విప్పి చదవవలసిన పని నాది. కోపంగా రాసినవాళ్లకు జవాబు రాయడం నాకు కష్టం అనిపించలేదు. ఒక పెద్దాయన మాత్రం డబ్బు ఊసే ఎత్తకుండా, పత్రిక రాలేదు, సంపాదకుడికి ఒంట్లో ఎలా ఉందో తెలియజేయగలరా అని అడిగాడు. ఆ ఉత్తరానికి ఏం రాయాలో తోచక నేను చాలా రోజులు దాన్ని బల్ల మీదే ఉంచుకున్నాను. నీ పేరున అటువంటి ఉత్తరం రాకూడదు తల్లీ. అన్నిటికన్నా నాకున్న భయం అదే.

కాబట్టి చందా సొమ్మును రాని సంచికల మీద నువ్వు చేసిన అప్పుగా చూడు. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరువు. ఒక సంచిక తపాలాలో వేసిన తర్వాతే అందులోంచి నాలుగో వంతు తీసుకో, అంతకుముందు ఒక్క కాసు కూడా కదపకు. ‘ఏడాది చందా’ అని అచ్చు వేయకు, ‘నాలుగు సంచికల చందా’ అని వేయి; ఏ జ్వరమో వచ్చి సంచిక నెల ఆలస్యమైనా నీ మాట తప్పినట్టు కాదు. ప్రతి చిరునామా చీటీ మీద ఆ చందాదారుకు అందే చివరి సంచిక సంఖ్య వేయిస్తే, పునరుద్ధరణ కోసం విడిగా గుర్తుచేసే ఖర్చు చాలావరకు తగ్గుతుంది. ముద్రణ సంఖ్యను చందాదారులు, ముందే డబ్బు కట్టిన దుకాణాలు, రచయితల ప్రతులు, పాత సంచికలు అడిగేవాళ్ల కోసం కొద్దిపాటి నిల్వ, వీటిని కలిపి నిర్ణయించు. ఆ సంఖ్య ఆఫ్‌సెట్‌కు చాలకపోతే డిజిటల్ ముద్రణకు వెళ్లు. 1976లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా లండన్‌లో పంక్ సంగీతం మీద పత్రిక మొదలుపెట్టినప్పుడు తానే టైపు చేసి ఫొటోకాపీలు తీయించాడు. కావలసినవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

దుకాణాలు వద్దని నేను అనడం లేదు. పాత రికార్డులు అమ్మే దుకాణాలు అయిదారు ఎంచుకుని, కొంచెం ఎక్కువ తగ్గింపు ఇచ్చినా సరే, తిరిగి తీసుకోను అనే షరతు మీద ఇవ్వు. రికార్డుల సంతలకు నువ్వే వెళ్లి బల్ల వేసుకో. అక్కడ ఒక్క మధ్యాహ్నం తెలిసే పాఠకుల అభిరుచి ఏ డిస్ట్రిబ్యూటరు లెక్కల్లోనూ కనిపించదు.

కాగితం కూడా తూచి ఎంచుకో. ఏ4 పరిమాణంలో 64 పుటలు 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 90 గ్రాముల బరువుండే) కాగితం మీద వేస్తే లోపలి పుటలే దాదాపు 180 గ్రాములు, 250 జీఎస్‌ఎం అట్ట మరో 31 గ్రాములు. అదే 80 జీఎస్‌ఎం మీద వేస్తే మొత్తం 191 గ్రాములకు దిగుతుంది. తపాలా శ్లాబు 200 గ్రాముల దగ్గర మారే చోట ఆ ఇరవై గ్రాములే ప్రతి చందాదారు మీదా, ప్రతి సంచికకూ నీ జేబులోంచి పోతాయి. కవరు బరువు కూడా కలుపుకో. ప్రెస్సువాళ్లను అడిగి అదే కాగితంతో ఒక తెల్ల నమూనా ప్రతి చేయించుకుని తూచిన తర్వాతే వెల నిర్ణయించు.

లోపలి విషయంలో నీకు నేను చెప్పగలిగింది తక్కువ. ఒక్కటి మాత్రం పట్టుకో. ప్రకటన ఇచ్చిన వర్తకుడు పాత రికార్డుకు వేసిన పునర్ముద్రణ బాగా లేకపోతే బాగా లేదని నీ సమీక్షలో ఉండాలి, ఆ సంగతి ప్రకటన తీసుకునేటప్పుడే ఆయనకు చెప్పాలి. సంగీత పత్రికకు నిలిచే ఆస్తి దాని తీర్పే. 1834లో జర్మన్ సంగీతకర్త షూమన్ లైప్‌జిగ్‌లో మిత్రులతో కలిసి ప్రారంభించిన పత్రికలోనే, 1853లో, ఇరవై ఏళ్ల యువ సంగీతకర్త బ్రామ్స్‌ను ఆయన లోకానికి పరిచయం చేశాడు. 1923లో కాంప్టన్ మెకెంజీ అనే రచయిత కేవలం రికార్డుల కోసం పెట్టిన ‘గ్రామఫోన్’ నూరేళ్లు దాటి ఇప్పటికీ వస్తున్నది. రికార్డుల గురించి రాయడానికి అంత ఏముందని నిన్నెవరైనా అడిగితే ఆ సంగతి చెప్పు.

మొదటి సంచిక ప్రూఫులు ప్రెస్సుకు వెళ్లడానికి పది రోజుల ముందే నాకు పంపు. డిస్కోగ్రఫీ పట్టికలు, అంటే రికార్డుల వివరాల జాబితాలు, నేను చూస్తాను. నంబర్లను కేటలాగుల్లోంచి ఎత్తి రాసినవి, రికార్డు చేతిలో పట్టుకుని చదివినవి వేరువేరుగా గుర్తుపెట్టి పంపితే నాకు పని సులువవుతుంది. చందా ఫారం కూడా జతచేయి. ఉచిత ప్రతుల జాబితాలో నా పేరు రాయవద్దు. నా డబ్బు కూడా ఆ రెండో ఖాతాలోనే వేయాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న