కెమెరా కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. అందులో సగం ఏడుపే. ఉద్యోగం మానేస్తానన్నావట, పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తానన్నావట, కెమెరా కూడా కొనేశావట. "అన్నీ నీ పోలికలే వచ్చాయి వీడికి, నువ్వే చెప్పు" అని భారం నా మీద పెట్టింది. నేను మాట్లాడతాలే అక్కా అన్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వేసింది. భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది. నీకు ఐదేళ్లప్పుడు మన తెనాలి స్టూడియోలో ఫొటోలు కడిగే డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు కింద స్టూలెక్కి నిలబడ్డావు. ట్రేలో కాగితం మీద మీ తాతయ్య మొహం మెల్లగా తేలుతుంటే, "మామయ్యా, తాతయ్య వచ్చేస్తున్నాడు!" అని అరిచావు. ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

నన్ను గుచ్చింది మాత్రం నువ్వు మీ అమ్మతో అన్న మాట. "ఇప్పుడు కెమెరాయే అన్నీ చూసుకుంటుందమ్మా, మూడు నెలల్లో పని వచ్చేస్తుంది" అన్నావట. ఒరేయ్, ఆ మాట నీది కాదు. 1888లో ఈస్ట్‌మన్ కంపెనీ కొడాక్ అనే పెట్టె కెమెరా అమ్ముతూ "బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అని ప్రకటన ఇచ్చింది. అప్పటినుంచీ ప్రతి తరంలో ఒకడు అంటూనే ఉన్నాడు, ఇంకొకడు దానికి ఏడుస్తూనే ఉన్నాడు. మా గురువుగారిది ప్లేటు కెమెరా. నల్లగుడ్డ కప్పుకుని, లెన్సు మూత తీసి, పెదాలు కదలకుండా అంకెలు లెక్కపెట్టి మూత పెట్టేసేవారు. నేను వెలుతురు కొలిచే మీటరున్న పెంటాక్స్ కెమెరా కొన్న రోజున దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "సూదిని అడిగి వెలుతురు తెలుసుకునేవాడికి వెలుతురు ఎప్పటికి తెలుస్తుందిరా" అన్నారు. నెలరోజులు ముభావంగా ఉన్నారు. ఇప్పుడు మా ఈడు వాళ్లంతా నీ కెమెరాల్ని చూసి అదే పాట పాడుతున్నారు. నేను పాడను.

పోయిన విద్య ఉంది, లేదనను. ఎండలో ఎపర్చర్, అంటే లెన్సు తెరుచుకునే కొలత, 16. ఫిల్ము ఏఎస్‌ఏ, అంటే వెలుతురు పట్టే శక్తి, ఎంతో షట్టర్ స్పీడు అంత. వేపచెట్టు నీడలోకొస్తే ఐదు పాయింట్ ఆరు. ఇది మా వేళ్లకి కంఠతా ఉండేది. కదిలే మనిషి మీద ఫోకస్ రింగు తిప్పుతూ ఉండటం, అదొక చేతిపని. నాకు పదేళ్లు పట్టింది. నీ కెమెరా కంటిపాపని వెతికి పట్టేసుకుంటుంది. దానికి నేను బాధపడటం లేదురా. ఆ పదేళ్లు నీకు మిగిలాయి. వాటిని దేనికి వాడతావన్నదే నా బెంగ.

చిన్న చిన్నవి ముందే చెప్పేస్తాను. రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా బాడీయే వాడు, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టుకో. రెండో బాడీ లేకుండా పెళ్లికి వెళ్లకు. బయానా తీసుకున్నప్పుడే ఏం ఇస్తావో కాగితం మీద రాసివ్వు. మొదటి బంతిలోనే తినేయ్. సైలెంట్ షట్టర్ పెట్టుకుని ఎల్‌ఈడీ లైట్ల కింద తీయకు, ఫొటో నిండా గీతలు పడతాయి. మీటరుకి లోకమంతా బూడిదరంగే, అందుకని తెల్ల పట్టుపంచె మాసినట్టు పడుతుంది. ఎక్స్‌పోజర్ డయల్‌ని ప్లస్‌లోకి తిప్పుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1986. పక్క ఊళ్లో ఒక రైతు ఇంట పెళ్లి. ఒక్కతే కూతురు. అర్ధరాత్రి దాటాక రెండున్నరకి ముహూర్తం. సాయంత్రం ఎండ ఉండగా ఎదురుకోలు ఫొటోలు బయట తీశాను, ఫ్లాష్ లేకుండా, షట్టర్ స్పీడు 125లో, అంటే సెకనులో నూట ఇరవై ఐదో వంతు. రాత్రికి కొత్త రోలు ఎక్కించి ఫ్లాష్ బిగించాను. ఆ కెమెరాకి ఫ్లాష్ పెడితే స్పీడు 60 దాటకూడదు. లోపల రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటి తెర పూర్తిగా తొలిగాక, రెండోది బయల్దేరక ముందు ఫ్లాష్ వెలగాలి. 60లో అంత వ్యవధి ఉంటుంది. 125 పెడితే మొదటి తెర దారిలో ఉండగానే రెండోది వెనకే వచ్చేస్తుంది, ఫ్లాష్ వెలిగేసరికి సగం ఫిల్ము తెర వెనకే ఉండిపోతుంది. ఇది నాకు తెలియక కాదు, వందసార్లు తీసినవాణ్ణి. డయల్ తిప్పడం మర్చిపోయాను, అంతే.

ఫ్లాష్ చక్కగా వెలుగుతోంది. మేళం మోగుతోంది. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డతెర దించారు, మంగళసూత్రం కట్టారు, తలంబ్రాలు పోశారు. నేను సంతోషంగా నొక్కుతూనే ఉన్నాను. తెల్లవారి అప్పగింతలకి బయటికొచ్చి, వెలుతురుకి తగ్గట్టు మారుద్దామని డయల్ చూస్తే 125 మీద ఉంది. నా కాళ్లలో సత్తువ పోయింది. పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయాను.

ఆ నిమిషంలో నేను చేసింది విను, నా అసలు తప్పు అది. ఎవరికీ చెప్పలేదు. అప్పగింతలు మామూలుగా తీశాను. వాళ్లిచ్చిన కాఫీ తాగాను. పెళ్లికూతురి తండ్రి భుజం మీద చెయ్యేసి "రాత్రంతా నిలబడ్డావయ్యా" అంటే తల ఊపాను. ఏమో, ఏదైనా పడి ఉండొచ్చులే అని నాకు నేనే చెప్పుకుంటూ రోలు బెజవాడ ల్యాబుకి పంపి నాలుగు రోజులు గడిపాను. ఆ నాలుగు రోజులూ అన్నం సయించలేదు.

ప్రింట్లు వచ్చాయి. ప్రతి ఫొటోలోనూ పెళ్లికొడుకు ఉన్నాడు. పెళ్లికూతురు ఉండాల్సిన చోట నలుపు. కత్తితో కోసినట్టు మధ్యలో నిలువుగా ఒక అంచు, అంచుకి అవతల చీకటి.

కవరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ తండ్రి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. తిట్టలేదు. అన్నీ చూసి, మళ్లీ మొదటినుంచి చూసి, "మా అమ్మాయేదయ్యా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాన్నా, నలభై ఏళ్లు కావస్తోంది. ఆ ఒక్క మాట ఇప్పటికీ కలలో వినిపిస్తుంది.

బయానా తిరిగిచ్చేశాను. అల్లుడూ కూతురూ పదహారు రోజుల పండక్కి వచ్చినప్పుడు ఆ బట్టలే కట్టించి, దండలు తెప్పించి, పీటల మీద కూర్చోబెట్టి మళ్లీ తీశాను. ఈసారి డయల్ పదిసార్లు చూసుకున్నాను. లైటు సరిపోయింది, ఫోకస్ సూదిమొనలా ఉంది. నా జన్మలో అంత శుభ్రంగా తీసిన పెళ్లి ఫొటోలు అంతవరకూ లేవు. తీరా చూస్తే వాటిలో పెళ్లి లేదు. ఆ అమ్మాయి నవ్వుతోంది, నేను నవ్వమన్నాను కనక. అతను జీలకర్ర బెల్లం పెట్టినట్టు చెయ్యి ఎత్తి, నా కెమెరా వంక చూస్తున్నాడు.

కొన్నాళ్లకి వాళ్లింట్లో ఆల్బమ్ చూశాను. జీలకర్ర బెల్లం పేజీలో నేను మళ్లీ తీసినది లేదు. ఆ సగం ఫొటోనే అంటించుకున్నారు. పెళ్లికొడుకు చెయ్యి ముందుకు చాపి ఉంది, మణికట్టు దాకా కనపడుతుంది, ఆ తర్వాత నలుపు. మొహం మాత్రం వెలుతుర్లో ఉంది. ఆ పిల్లని అంత దగ్గరగా అదే మొదటిసారి చూడటం అతను. ఆ చూపు చూడు, ఆ నల్లటి చోట ఎవరున్నారో నీకే తెలిసిపోతుంది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నా తప్పుని నీ కెమెరా చెయ్యనివ్వదు. దానికి తగిన ఫ్లాష్ పెట్టగానే స్పీడు అదే తగ్గించుకుంటుంది. 2023లో సోనీ వాళ్లు ఏ9 మార్క్ త్రీ అని ఒక కెమెరా ప్రకటించారు. సెన్సార్ మొత్తం ఒక్కసారే చదువుతుందట, తెరల గొడవే లేదు, ఎంత స్పీడులోనైనా ఫ్లాష్ అందుతుందట. సెకనుకి 120 ఫొటోలట. అది చదివిన రోజు నాకు ఆ రైతే గుర్తొచ్చాడు. ఆ యంత్రం ఆ రాత్రి నా చేతిలో ఉంటే ఆయన కూతురు ఆయనకి దక్కేది. అలాంటి యంత్రాన్ని నేనెలా తప్పుపడతానురా? కానీ పదహారు రోజుల పండగనాడు నేను తీసిన ఫొటోలు చూశావూ, వాటిని ఆ యంత్రం కూడా బాగుచెయ్యలేదు.

నువ్వు నేర్చుకోవాల్సినది అక్కడుంది. కన్యాదానంలో తండ్రి పెళ్లికొడుకు కాళ్లు కడుగుతాడు, తల్లి చెంబుతో నీళ్లు పోస్తుంది. నీ కెమెరా పరిగెత్తి పెళ్లికొడుకు కంటిని పట్టుకుంటుంది. ఆ క్షణంలో నువ్వు చూడాల్సినవి తండ్రి చేతులు. ఇరవై ఏళ్లు పెంచిన చేతులు, నీళ్లలో వణుకుతుంటాయి. ఫోకస్ పాయింటుని అక్కడికి నువ్వే లాగాలి. పురోహితుడు వేలెత్తి గట్టిమేళం అన్నాక నీకు దొరికేవి కొద్ది సెకన్లు. అప్పటికే నీ చోట్లో నువ్వుండాలి, కాబట్టి ముందే ఆయన పక్కన కూర్చుని ఏది తర్వాత ఏదో అడిగి తెలుసుకో. ఒక్కో ఊళ్లో, ఒక్కో ఇంట్లో వరస మారుతుంది. హోమం పొగ ఎటు వీస్తుందో చూసుకుని నిలబడు, పొగ అడ్డం వస్తే ఆ తెలివైన ఫోకస్ కూడా తడబడుతుంది. ఒక మూల కుర్చీలో అమ్మమ్మో నాయనమ్మో ఉంటుంది, స్టేజీ ఎక్కలేదు, ఎవరూ పిలవరు. ఆవిడ దగ్గరికి నువ్వే వెళ్లు. పదేళ్ల తర్వాత వాళ్లు ముందు వెతుక్కునేది ఆ ఫొటోనే.

నాకు రోలుకి ముప్పై ఆరు ఫ్రేములు. ప్రతి నొక్కూ డబ్బు, అందుకే నొక్కే ముందు చూసేవాణ్ణి. నీకు వేలకి వేలు. చెడినవి ఎందుకు చెడ్డాయో చూసుకోకుండా తుడిచెయ్యకు. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ పెద్దది చేసి చూడు, నేనెక్కడ నిలబడి ఉండాల్సిందీ అని అడుగు. విసుగు పుట్టినా సరే.

ఇంకోటి, ఇది సలహా కింద రాయడం లేదు, ఆజ్ఞ అనుకో. ఆ సాఫ్ట్‌వేర్లతో పెళ్లికూతురి రంగు మార్చకు. మా కాలంలో నేనూ నెగటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు దిద్దాను, అది వేరు. చామనఛాయ పిల్లని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తే, పక్కన వాళ్లమ్మ మొహం ఆమెది కాకుండా పోతుంది. ఎవరడిగినా చెయ్యనని చెప్పు. పని పోతే పోనీ.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. హైదరాబాద్‌లోనే ఆవిడకి ఉదాహరణగా చెప్పడానికి వెనకటి కాలం మనిషొకాయన ఉన్నాడు. దీన్ దయాళ్, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ ముప్పై ఏళ్ల వయసులో కెమెరా పట్టుకున్నాడు. తర్వాత కొలువు వదిలేశాడు. ఆరో నిజాం ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని చేసి "రాజా" బిరుదిచ్చాడు. తడి ప్లేట్ల రోజుల్లో మొదలుపెట్టాడాయన, గాజుకి మందు పూసి అది ఆరేలోపే తీసి కడగాలి. ఆ తర్వాత పొడి ప్లేట్లొస్తే వాటికీ మారాడు. ఇంజనీరు ఉద్యోగం మానడం ఈ ఇంట్లో పుట్టిన పిచ్చి కాదని అక్కకి చెబుతాలే.

రెండో బాడీకి డబ్బు తక్కువైతే మొహమాటపడక అడుగు. అత్తయ్య నీకోసం అరిసెలు చేసి పెట్టింది, ఎవరైనా వస్తుంటే పంపుతాం. నీ మొదటి పెళ్లి ముహూర్తం ఎన్నింటికో రాయి. ఆ రాత్రి నేను మేలుకునే ఉంటాను. ఏదైనా తేడా వస్తే ముందు పెళ్లివారికి అక్కడికక్కడే చెప్పు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. తెల్లవారేదాకా ఆగకు నాన్నా.

ఆశీస్సులతో,
మామయ్య