చిత్తూరులోని మేనకోడలికి: పాత సిస్టమ్‌కు ఏ ఎస్‌ఎస్‌డీ వేయాలి

పాపా,

మామ దీవెనలు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం.

పొద్దున షాపు తెరిచి సిస్టమ్ ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదని, అంటే విండోస్ ఉన్న డిస్కు కనిపించడం లేదని, వచ్చిందనీ, రెండుసార్లు ఆపి వేస్తే మళ్ళీ మామూలుగా నడిచిందనీ చెప్పావు. నడుస్తోంది కదా, మామిడి సీజన్ అయ్యాక చూద్దాం అన్నావు చూడు, అక్కడే నాకు భయం వేసింది. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

కొత్తది ఏది కొనాలన్న సంగతి తర్వాత. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఫోటోషాప్ ఫైళ్ళు, మండీల బిల్లు పుస్తకాల డిజైన్లు, అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ పెట్టు. అయ్యేదాకా వేరే పని పెట్టుకోకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. ఇక్కడ తిరుపతిలో నేను డీటీపీ షాపు నడిపే రోజుల్లో, ఒక మాఘమాసం ముందు, ఎవరో తక్కువకు ఇస్తున్నారని పేరు కూడా వినని ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డిస్కు) ఒకటి తెచ్చి వేశాను. ఐదు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకరోజు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి డిస్కు లేదు. పాత హార్డ్‌డిస్క్ పోయేముందు కిటకిటమని చప్పుడు చేస్తుంది, ఫైళ్ళు తెరవడానికి సతాయిస్తుంది, మనకు కొంచెం టైమ్ ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు అలా చెప్పి పోదు. ఆ సాయంత్రం ప్రూఫ్ చూసుకోవడానికి శ్రీకాళహస్తి నుంచి పెళ్ళికూతురి తండ్రి వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి, కార్డు లేదండీ, మళ్ళీ కొట్టాలి అని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదనిపించింది. రెండు రాత్రులు కూర్చుని పదకొండు కార్డులు మళ్ళీ టైప్ చేశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

కాపీ అయ్యాక, నిజంగా డిస్కే పోతోందా అని చూడు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది. అందులో హెల్త్ శాతం చూపిస్తుంది. కింద సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిన సార్ల) లెక్క ఒక వరుసలో ఉంటుంది. హెల్త్ బాగుండి ఈ లెక్క మాత్రం రోజురోజుకీ పెరుగుతుంటే, తప్పు డిస్కుది కాకపోవచ్చు, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది కావచ్చు. కేబుల్ మార్చి, బోర్డు మీద వేరే పోర్టులో పెట్టి చూడు. కానీ నీది 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, నాలుగేళ్ళ పైనుంచి నిండా నింపి నడుపుతున్నావు. కేబుల్ తప్పే అయినా ఆ డిస్కును మార్చేయమనే అంటాను.

ఇక ఎంపిక. షాపులో మొదట చూపించేది ఎన్‌వీఎంఈ అనే వేగం ఎక్కువున్న రకం ఎస్‌ఎస్‌డీ. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉంటుంది, పెట్టె మీద సెకనుకు 3,500 ఎంబీ, 7,000 ఎంబీ అని రాసి ఉంటుంది. నీది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు. దాంట్లో ఆ పట్టీకి స్లాట్ లేదు. అడాప్టర్ కార్డు వేసి పెట్టొచ్చని చెబుతారు. పెట్టొచ్చు, కానీ ఆ కాలపు బోర్డుల్లో చాలావాటి బయోస్‌కు (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్‌కు) ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం రాదు. విండోస్ దాని మీద నడవకపోతే మనకు అది దేనికి? నీకు కావలసింది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ.

సాటా మూడు పోర్టు నుంచి ఆచరణలో సెకనుకు 550 ఎంబీ దాకా వస్తుంది. అది తక్కువని బాధపడకు. హార్డ్‌డిస్క్‌లో ముల్లు జరిగి, పళ్ళెం తిరిగి, ఒక ముక్క దగ్గరికి చేరడానికి పది పన్నెండు మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో అది మిల్లీసెకనులో పదో వంతు. విండోస్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న ముక్కలు వేలల్లో చదవాలి. సిస్టమ్ చురుగ్గా అనిపించేది అందువల్లే. పెట్టె మీది పెద్ద అంకెకు డబ్బు పెట్టొద్దు, మన్నికకు పెట్టు. హెచ్81లో నాలుగు పోర్టులుంటే రెండే సాటా మూడు, మిగతా రెండు సాటా రెండు. తప్పు పోర్టులో పెడితే వేగం సగానికి పడిపోతుంది. బోర్డు మీదే పోర్టుల పక్కన రాసి ఉంటుంది, టార్చ్ వేసి చూడు.

డీరామ్, అంటే లోపల వేగంగా పనిచేసే చిన్న మెమరీ చిప్పు, ఉన్న డిస్కు అడుగు. ఏ ఫైలు ఏ చిప్పులో ఎక్కడుందో డిస్కు లోపల ఒక పట్టిక ఉంటుంది. డీరామ్ ఉంటే ఆ పట్టికను అందులో దగ్గర పెట్టుకుంటుంది, లేకపోతే మాటిమాటికీ ఫ్లాష్ చిప్పుల్లో వెతుక్కుంటుంది. కొత్తలో తేడా తెలియదు. డిస్కు నిండేకొద్దీ, ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిచినప్పుడు తెలుస్తుంది. శాంసంగ్ 870 ఎవో, క్రూషియల్ ఎంఎక్స్500, ఈ రెండింటికీ డీరామ్ ఉంది, ఐదేళ్ళ వారంటీ ఉంది. క్రూషియల్ బీఎక్స్500, కింగ్‌స్టన్ ఏ400 చవక. వాటికి డీరామ్ లేదు, వారంటీ మూడేళ్ళు. అవి చెడ్డవని అనను, ఇంట్లో పిల్లల సిస్టమ్‌కు సరిపోతాయి. రోజూ కూలి సంపాదించి పెట్టే సిస్టమ్‌కు నేనైతే వేయను. శాంసంగ్‌లోనే 870 క్యూవో అని ఇంకోటి ఉంది, పేరు దగ్గరగా ఉంటుంది. అందులో చిప్పులోని ఒక్కో గదిలో నాలుగు బిట్లు కుక్కుతారు, ఎవోలో మూడు. పెద్ద ఫైళ్ళు రాసేటప్పుడు అది నెమ్మదిస్తుంది. పెట్టె మీద పేరు ఒక్కో అక్షరం చదివి తీసుకో.

టీబీడబ్ల్యూ చూడమని ఎవరో చెప్పారన్నావు. మొత్తం మీద ఎంత డేటా రాయొచ్చో కంపెనీ ఇచ్చే హామీ అది. 500 జీబీ 870 ఎవోకు 300 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ), 240 జీబీ ఏ400కు 80 టీబీ. నువ్వు రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి ఏడు టీబీ చిల్లర. చవక డిస్కుకు కూడా పదేళ్ళు పడుతుంది. కాబట్టి ఆ లెక్కకు టెన్షన్ పడొద్దు.

సైజు 500 జీబీ తీసుకో. 250 సరిపోతుందని నువ్వే అంటావు, ఈ 120 కూడా సరిపోతుందనే కదా తీసుకున్నాం. ఎస్‌ఎస్‌డీలో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. రాసినవాటిని అటూ ఇటూ సర్దుకోవడానికి దానికి చోటు కావాలి, లేకపోతే నెమ్మదిస్తుంది, తొందరగా అరుగుతుంది కూడా. ఒక టీబీ అక్కర్లేదు, పాత పనులన్నీ ఆ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనే ఉండనీ.

ఇంత పాత సిస్టమ్ మీద డబ్బు పెట్టడం దండగ అని నీ భర్త అన్నాడట. అతని మాటలో న్యాయం ఉంది. నాలుగో తరం మీద విండోస్ 11కు అధికారికంగా అనుమతి లేదు, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకని బ్యాంకు పనులు, ఆధార్ పనులు లాప్‌టాప్‌లోనే చేసుకో. దీన్ని డిజైన్లకు, ప్రింటుకు ఉంచు, నెట్ తీసేసినా పర్వాలేదు. రేపు కొత్త సిస్టమ్ కొన్నా ఈ సాటా డిస్కు దాంట్లోకి వెళ్తుంది, డబ్బు ఎక్కడికీ పోదు.

ధర నేను రాయను, వారానికి ఒకలా ఉంటోంది. చిత్తూరులో రెండు మూడు చోట్ల అడుగు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు తప్పకుండా వేయించుకో. ఆ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ చూపిస్తోందో లేదో షాపులో ఉండగానే చూడు. పేరున్న కంపెనీల నకిలీలు వస్తున్నాయమ్మా, మొహమాటపడొద్దు. ఇంకో మాట, వారంటీలో డిస్కు ఇస్తారు, డేటా ఇవ్వరు. జనం ఆధార్ కాపీలు నీ దగ్గర ఉంటాయి. పాత డిస్కును పూర్తిగా తుడవకుండా ఎవరి చేతికీ ఇవ్వకు.

విండోస్ కొత్తగా వేస్తే పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ మళ్ళీ ఎక్కించాలి, ఆ సీడీలు ఎక్కడున్నాయో నీకూ తెలియదు. అందుకే క్లోనింగ్ చేద్దాం, అంటే పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదాంట్లోకి దింపుదాం. క్లోన్ అయ్యాక పాతది ఊడదీసి, కొత్తదాంతో బూట్ అయి, నీ నాలుగు ఫైళ్ళు తెరుచుకున్నాకే పాతదాన్ని తుడవాలి. కరెంటు వైరు విషయంలో మాత్రం జాగ్రత్త. ఎస్‌ఎంపీఎస్‌లో (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టెలో) సాటా వైరు మిగల్లేదని పాత నాలుగు పిన్నుల వైరుకు చవక కన్వర్టర్ తగిలిస్తారు. అచ్చులో పోసినట్టుండే ఆ కన్వర్టర్లు లోపల షార్టయి కాలిపోతాయి. తగిలించనివ్వకు. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చు, రాస్తుండగా కరెంటు పోవడం ఈ డిస్కులకు మంచిది కాదు.

డిస్కు కొని పెట్టెతోనే ఉంచు. ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను. సాటా కేబుల్, రెండున్నర అంగుళాల డిస్కును బిగించే బ్రాకెట్, మరలు నా దగ్గరున్నాయి, కొనొద్దు. మీ అమ్మకు చెప్పు, మధ్యాహ్నం సంగటి చేయమను.

మామ
తిరుపతి