అమ్మ వెన్నుపూసకి సిమెంట్ వేయించే ముందు

అబ్బయా,

నువ్వు పంపిన అమ్మ ఎక్స్‌రే చూశా. కనిగిరి బస్సులో వెనక సీట్లో కూర్చుని స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి పడినదానికే ఎల్1, అంటే నడుంలో మొదటి పూస, నొక్కుకుపోయిందంటే ఎముక లోపల గుల్లబారి వుంది, ఆ వయసు ఆడోళ్లకి బిందె ఎత్తినా ఇట్టా అవుద్ది. భయపడబాక, అట్టాగని ఎల్లుండే ఆ పూసలోకి సూదితో సిమెంట్ వేయించేద్దామని తొందరపడనూబాక.

ముందు ఎంఆర్ఐ తీయించు. ఎక్స్‌రేలో పూస అణిగినట్టు కనపడుద్ది గానీ అది మొన్నటిదో పదేళ్ల నాటిదో సరిగ్గా తెలీదు. ఎంఆర్ఐలో స్టిర్ అని ఒక రకం ఫిల్మ్ వుంటది, కొత్తగా విరిగిన పూస అందులో తెల్లగా మెరుస్తా వుంటది, పాతదైతే మిగతా పూసల్లాగే నల్లగా వుంటది. ఆ తెల్లటి పూసా, అమ్మకి వేలితో తడితే ప్రాణం పోయే చోటూ ఒకటేనా అని డాక్టర్ గారిని అడుగు, ఆర్థో వార్డులో పనిచేసినదాన్ని, ఇది మాత్రం వదలొద్దు. టీబీ, గడ్డ లాంటివి కాదని కూడా తేలాల.

చాలామందికి మాత్రలు, బెల్టు, రొంత రెస్టుతో రెండు మూడు నెలల్లో సర్దుకుంటది. 2009లో రెండు స్టడీల్లో సిమెంట్ వేసినోళ్లకీ ఉత్తుత్తి సూది గుచ్చినోళ్లకీ నొప్పిలో తేడా రాలేదు, 2016లో ఆస్ట్రేలియా వాళ్లు ఆరు వారాల లోపు గట్టి నొప్పి వున్నోళ్లకే చేసి చూస్తే లాభం కనపడింది. అందుకని మందులేసినా పక్కమీద దొర్లలేకపోతేనే వేయించు, అదీ ఆ ఆరు వారాల్లోపలే.

బోర్లా పడుకోబెట్టి, ఎక్కువమందికి లోకల్ మత్తుతోనే, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్‌లో చూసుకుంటా సూదిలోంచి టూత్‌పేస్ట్ లాంటి సిమెంట్ పూసలోకి ఎక్కిస్తారు, అదే వర్టిబ్రోప్లాస్టీ. ముందు బెలూన్ ఉబ్బించి పూసని లేపితే కైఫోప్లాస్టీ, దానికి ఖర్చెక్కువ, నొప్పి తగ్గడంలో పెద్ద తేడా లేదు. సిమెంట్ పక్కకి కారితే నరాల మీదకో ఊపిరితిత్తుల్లోకో పోయే ప్రమాదం వుంది కాబట్టి తరచుగా చేసే డాక్టర్ దగ్గరికే పో, ఒంగోలైనా నెల్లూరైనా. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంటే ముందే చెప్పు, మీ అంతట మీరు ఆపబాకండి. గవర్నమెంటు ఆరోగ్య స్కీములో వస్తదా రాదా ఆస్పత్రిలో వుండే ఆరోగ్యమిత్రని అడుగు. కాళ్లు బలం తగ్గినా, ఉచ్చ ఆగినా మాత్రం ఆ రాత్రికే ఆస్పత్రికి తీసకపో.

ఇంకోటి, సిమెంట్ ఆ ఒక్క పూసకే, గుల్లబారిన మిగతా పూసల సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఎముక గట్టితనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి టెస్ట్ చేయించు. బోరు నీళ్లు తాగినోళ్లమని డాక్టర్‌కి చెప్పు, ఫ్లోరైడ్ పట్టిన ఎముక డెక్సాలో గట్టిగా కనపడి మోసం చేస్తది. ఎముక గుల్లబారకుండా ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ మందు రాస్తే ముందు కిడ్నీ టెస్ట్ చూడాల. దాని బదులు ఎముకలకి వారానికోసారి వేసుకునే మాత్ర రాస్తే పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట కూర్చోవాలి, కాఫీ కూడా తర్వాతే. అమ్మేమో లేచీ లేవంగానే కాఫీ తాగి మళ్లీ నడుం వాలుస్తది, పక్కన నువ్వుండి చూసుకో.

ఎంఆర్ఐ అయినాక ఫిల్ములు కూడా ఫోటో తీసి పంపు, రిపోర్ట్ ఒక్కటే పంపబాక.

పిన్ని