పడమటి గోడకు బయట ఇన్సులేషన్ బిగించే ముందు

మీ పడమటి గోడ నాలుగున్నర అంగుళాలదేనని, బయట థర్మోకోల్ షీట్లు అంటించి పైన పూత వేయిస్తే ఆ బరువు ఆగుతుందా అని అడిగారు. బరువు గురించి టెన్షన్ పడకండి. ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత ఉన్న 50 మి.మీ. షీటు చదరపు మీటరుకు ఒక్క కిలోనే తూగుతుంది. వేడిని ఆపడంలో మాత్రం దాదాపు మీటరు మందం ఇటుక గోడకు సమానం.

అసలు చూసుకోవాల్సింది చెమ్మ. పగుళ్లు, సజ్జ దగ్గర లీకేజీ ఉంటే ముందు అవి బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టండి. లేదంటే నీరు షీటు వెనకే నిలిచి, లోపలి పెయింటు పొంగుతుంది. బయట పొట్టు లేచిన పాత పెయింటు గీకించేయండి.

కొందరు మేస్త్రీలు షీటుకు నాలుగు మోర్టార్ (షీటు అంటించే సిమెంటు జిగురు) ముద్దలు పెట్టి నొక్కేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. మోర్టార్ అంచుల చుట్టూ తెగకుండా పట్టీలా, మధ్యలో ముద్దలుగా పడాలి. అది ఆరాక ప్లాస్టిక్ యాంకర్లు (షీటును గోడకు బిగించే వెడల్పు తల మేకులు) కొట్టించండి. షీట్ల జాయింట్లు ఇటుక వరసల్లాగే ఒకదాని మీద ఒకటి రాకూడదు. పైపూతలో ఫైబర్ మెష్ (గాజు నార వల) తప్పనిసరి. కిటికీ మూలల్లో ఏటవాలుగా ఇంకో మెష్ ముక్క వేయించండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

ప్యాకింగ్‌కు వాడే థర్మోకోల్ అస్సలు వద్దు, త్వరగా నిప్పంటుకుంటుంది. మంటను అడ్డుకునే గ్రేడు అడిగి తీసుకోండి. వంటింటి గోడకు, గ్యాస్ సిలిండర్ దగ్గర రాక్‌వూల్ బోర్డే (రాతి నారతో చేసేది, మండదు) నయం. ఏసీ స్టాండు బోల్టులు షీటును దాటి ఇటుకలోకి దిగేలా చూసుకోండి.