అద్దకం పనిలో మూత్రాశయ క్యాన్సర్ వస్తే నష్టపరిహారం ఎలా అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారికి 50 ఏళ్లు. నగరి దగ్గర అద్దకం యూనిట్‌లో పద్నాలుగేళ్లు రంగు తొట్టి దగ్గర పని, నెలకు 14,000 జీతం. మూత్రంలో రక్తం పడితే తిరుపతిలో చూపించారు, మూత్రాశయ క్యాన్సర్ అన్నారు. ఓనరేమో 'బీడీల వల్ల వచ్చింది, నాకేం సంబంధం లేదు, అయినా లక్ష ఇస్తాను, సంతకం పెట్టండి' అంటున్నాడు.

ముందు ఆ సంతకం సంగతి. పెట్టొద్దు. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదు. రాజీ కుదిరినా దాన్ని పరిహారం కేసులు విచారించే కార్మిక శాఖ కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, అప్పుడే దానికి విలువ. ఇప్పటికే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే భయపడకండి, ఆ విషయం పిటిషన్‌లో దాచకుండా రాయండి.

ఇక ఈ జబ్బు చట్టంలో ఉందా అంటే, ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్, బి భాగంలో మూత్రాశయం, మూత్రపిండం, మూత్రనాళాల లోపొరలో పుట్టిన ప్రాథమిక కణితి పేరు స్పష్టంగా ఉంది. బి భాగంలోని జబ్బుకు ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు వరుసగా ఆ పని చేసి ఉంటే చాలు. అప్పుడు జబ్బు పని వల్లే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. అందుకే 'బీడీల వల్ల' అనే మాట ఒక్కటే అతన్ని గట్టెక్కించదు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం, ఈఎస్ఐ (కార్మికుల బీమా) చట్టం రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. జబ్బు బయటపడిన తేదీని బట్టి ఏ చట్టం పేరు రాయాలో వకీలును అడిగి తేల్చుకోండి.

బీడీ అలవాటును మాత్రం దాచొద్దు. కేస్ షీట్‌లో అది రాసే ఉంటుంది. అవతలి వకీలు ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అబద్ధం బయటపడితే మిగతా నిజాలనూ నమ్మరు. బీడీ పొగ కూడా మూత్రాశయ క్యాన్సర్‌కు కారణమే, కానీ పని కారణం కాకుండా పోదు. పైగా అద్దకం పనికీ ఈ క్యాన్సర్‌కూ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. బెంజిడిన్, బీటా నాఫ్తిలమైన్ లాంటి ఆరోమాటిక్ అమైన్లు చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లోకి వెళ్లి మూత్రంలో బయటికి వస్తాయి, ఆ దారిలో లోపొరను దెబ్బతీస్తాయి. పని మొదలుపెట్టిన పది, ఇరవై ఏళ్లకు జబ్బు బయటపడటం మామూలే. బెంజిడిన్ ఆధారిత రంగులను మన దేశంలో 1990లలోనే నిషేధించారు. ఇక్కడ ఒక చిన్న పని చేయండి. తొట్టి పక్కన పడేసిన ఖాళీ సంచులు, డబ్బాల మీద 'సీఐ' (కలర్ ఇండెక్స్, అంటే రంగుల జాబితా) అనే అక్షరాలు, రంగు పేరు, పక్కన ఐదంకెల నంబర్ ఉన్నాయేమో చూడండి. డైరెక్ట్ బ్లాక్ 38 అయితే ఆ నంబర్ 30235, డైరెక్ట్ బ్లూ 6 అయితే 22610. ఈ రెండూ బెంజిడిన్ రంగులే. ఆ లేబుల్ ఫొటో తీసి, తేదీ కనిపించేలా దాచుకోండి. అక్కడే పనిచేస్తున్న తోటివాళ్లు తీసిచ్చినా ఫర్వాలేదు. లేబుల్ దొరక్కపోతే కేసు పోయినట్టు కాదు. నూలు చిలపలను చేతులతో తొట్టిలో ముంచడం, గ్లవుజులు లేకుండా రంగు పొడి కలపడం, పొగలు బయటికి పోయే ఏర్పాటు లేకపోవడం, ఇవన్నీ ఇద్దరు ముగ్గురు తోటి పనివాళ్ల ప్రమాణ పత్రాల్లో రావాలి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చూశారో వాళ్లు చెప్పాలి. 'చాలా ఏళ్లుగా' అంటే వాంగ్మూలంగా పనికిరాదు.

నా అంచనాలో ఇలాంటి కేసుల్లో ఓడిపోయేవాళ్లు ఎక్కువగా రసాయనం దగ్గర ఓడిపోరు. ఉద్యోగం దగ్గర ఓడిపోతారు. 'ఇతను నా దగ్గర పనిచేయలేదు, కాంట్రాక్టర్ మనిషి' అని ఓనరు ఒక్క మాట అంటే చాలు. కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నా అసలు యజమాని బాధ్యుడే, కానీ పని చేసినట్టు మీరు చూపాలి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్ అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం జమలు, కూలి చీటీలు, హాజరు పుస్తకం ఫొటో, పండగ బోనస్ ఇచ్చిన రశీదు, ఓనరు ఫోన్‌లో పంపిన మెసేజ్‌లు, ఏది దొరికితే అది. యూనిట్ లైసెన్సు, తనిఖీ రిపోర్టుల కోసం ఫ్యాక్టరీల శాఖకు, అనుమతి పత్రాల్లో ఏ రసాయనాలు రాశారో తెలుసుకోడానికి కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇది ఇవాళే పంపండి, ఎందుకంటే కేసు వేశాక పాత కాగితాలు 'దొరకడం లేదు' అనడం మొదలవుతుంది.

ఆసుపత్రి కాగితాల్లో రెండు చోట్ల తేడా వస్తుంది. ఒకటి బయాప్సీ రిపోర్టు. దాంట్లో యూరోథీలియల్ కార్సినోమా (మూత్రాశయ లోపొరలో పుట్టిన క్యాన్సర్) అని ఉంటే షెడ్యూల్‌కు సూటిగా సరిపోతుంది. స్క్వేమస్ రకమైతే అవతలి వకీలు 'పాత రాళ్ల వల్ల, ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చింది' అని వాదిస్తాడు. ప్రోస్టేట్ నుంచి పాకిన క్యాన్సరైతే ప్రాథమిక కణితి కాదు. రిపోర్టు నకలుతో పాటు గాజు స్లైడ్లు, మైనం బ్లాకులు అడిగి తీసుకోండి. వేరే డాక్టరు అభిప్రాయం కావాల్సి వస్తే అవే ఆధారం. రెండోది డిశ్చార్జ్ సమ్మరీ. అందులో చాలా చోట్ల 'పొగ తాగేవారు' అని ఉంటుంది, వృత్తి దగ్గర 'కూలి' అని ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపిస్తున్నా, రాయవేలూరు ఆసుపత్రికి వెళ్తున్నా, తర్వాతి ఓపీ రోజున డాక్టరుకు పని వివరాలు ఒక పేజీ రాసి ఇవ్వండి: ఏ పని, ఏ రంగులు, ఎన్నేళ్లు, రోజుకు ఎన్ని గంటలు. 'అద్దకం కార్మికుడు, ఇన్నేళ్లు రంగు రసాయనాలకు గురయ్యారు, జబ్బుకు ఈ వృత్తి కారణమయ్యే అవకాశం ఉంది' అనే అర్థం వచ్చేలా ఆయన రాసి సంతకం పెడితే చాలు. 'కచ్చితంగా దీనివల్లే' అని రాయమని పట్టుబడితే ఏ డాక్టరూ రాయడు, పైగా విసుక్కుంటాడు.

డబ్బు లెక్కకు వద్దాం. శాశ్వత పూర్తి అశక్తతకు నెల జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకునే జీతానికి పరిమితి 15,000. యాభై ఏళ్లకు గుణకం 153.09. అంటే 14,000లో 60 శాతం 8,400, దాన్ని 153.09తో హెచ్చిస్తే 12,85,956 రూపాయలు. మరణమైతే 50 శాతం లెక్కన 10,71,630. పాక్షిక అశక్తత అయితే సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో డాక్టరు తేల్చిన మేరకు. ఇక్కడ జాగ్రత్త: పింఛను కోసం తీసుకునే సదరం (వైకల్య) సర్టిఫికెట్ శాతమూ, సంపాదన శక్తి నష్టమూ ఒకటి కాదు. మూత్రాశయం తీసేసి పొట్ట మీద సంచి పెట్టుకున్న మనిషి తడి చిలపలు మోయలేడు, తొట్టి దగ్గర నిలబడలేడు. ఆ పని చేయలేకపోతే నష్టం నూరు శాతమే అని వాదించాలి. ఎడమ చేయి పోయిన వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లో అలాగే తేల్చింది. మందులకు అయిన అసలు ఖర్చు విడిగా రావాలి, కాబట్టి బిల్లులు దాచండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచిత చికిత్స పొందినంత మాత్రాన కేసు బలహీనపడదు. నెల లోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా పడొచ్చు.

యూనిట్‌లో పది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే దారి మారుతుంది. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. అప్పుడు కమిషనర్ దగ్గర కేసు నిలవదు, ఈఎస్ఐలోనే అడగాలి. ఓనరు చందా కట్టకపోయినా హక్కు పోదు, ఈఎస్ఐ కార్పొరేషనే ఇచ్చి అతని దగ్గర వసూలు చేసుకోవాలి. అక్కడ జరిగే పొరపాటు ఒకటే: క్యాన్సర్‌ను మామూలు జబ్బుగా నమోదు చేస్తారు. ఆ దారిలో 80 శాతం జీతంతో పొడిగించిన అనారోగ్య భృతి ఇస్తారు, కానీ అది రెండేళ్లకు ఆగిపోతుంది. వృత్తి జబ్బుగా నమోదైతే శాశ్వత అశక్తత భృతి జీవితాంతం, సంపాదన నష్టాన్ని బట్టి సగటు వేతనంలో 90 శాతం వరకు. ఆ జబ్బుతో కార్మికుడు చనిపోతే కుటుంబానికి ఆశ్రితుల భృతి కూడా ఉంటుంది. అందుకే మొదటి దరఖాస్తులోనే 'వృత్తి జబ్బు' అని రాసి, మెడికల్ బోర్డుకు పంపమని అడగండి, రసీదు నంబర్ తీసుకోండి.

ఈఎస్ఐ లేకపోతే ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జబ్బు పేరు, పని చేసిన కాలం, జబ్బు వల్ల మొదటిసారి పనికి పోలేకపోయిన రోజు అందులో ఉండాలి. చట్టం ఆ రోజునే ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తుంది. అక్కడి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలనే లెక్కతో నడవండి. పని మానేశాక రెండేళ్లలో లక్షణాలు బయటపడితే, లక్షణం మొదట కనిపించిన రోజే లెక్క. అంతకన్నా ఆలస్యమైనా, జబ్బు ఆ పని వల్లే వచ్చిందని మీరే నిరూపిస్తే దారి ఉంటుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ కమిషనర్‌కు ఉంది. కార్మిక శాఖ అధికారే ఇక్కడ కమిషనర్‌గా విచారిస్తారు. మీరు నివసించే చోట కూడా కేసు వేయొచ్చు కాబట్టి, మీ మండలం ఏ కార్యాలయం కిందికి వస్తుందో కార్మిక శాఖలో అడిగి అక్కడే దాఖలు చేయండి. వకీలు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు. పారిశ్రామిక కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబర్ 15100.

ఒక వేళ నాన్నగారి పరిస్థితి విషమిస్తే, ఓనరు నేరుగా మీ చేతికిచ్చే డబ్బు మరణ పరిహారం కింద లెక్కకు రాదు. అతను దాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి. ఖర్చులకు ఏదైనా చేతికిస్తే అది అడ్వాన్స్ అని రాయించి తీసుకోండి.