పాటల ప్రశ్నలు: ద నైఫ్ దారి

ప్ర: నేనూ మా తమ్ముడూ ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద పాటలు కడుతున్నాం. స్వీడన్ జంట ద నైఫ్ కూడా తోబుట్టువులేనట. పెద్ద కంపెనీ అండ లేకుండా ఎలా నిలబడ్డారు?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జ: కారిన్ డ్రైయర్, ఓలోఫ్ డ్రైయర్ 1999లో మొదలుపెట్టారమ్మా. తమ సొంత లేబుల్ రాబిడ్ రికార్డ్స్ మీద 2001లో తొలి ఆల్బమ్ తెచ్చారు. మీకు పనికొచ్చేది మాత్రం 'హార్ట్‌బీట్స్' సంగతి. 'డీప్ కట్స్' (2003)లోని ఆ పాటను స్వీడన్ గాయకుడు హోసే గొంజాలెజ్ ఒట్టి గిటారుతో పాడారు. 2005లో సోనీ బ్రావియా టీవీల ప్రకటనకెక్కింది ఆయన రికార్డింగే. అయినా పాట కట్టినవాళ్లు ద నైఫ్ కాబట్టి వాళ్ల అనుమతీ తప్పనిసరి. రచన, బాణీ మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. మనవాళ్లు స్టూడియోకి డబ్బు కట్టి, కాగితం రాయించుకోకుండా వచ్చేస్తారు. పాట నాలుగూళ్లు తిరిగాక రికార్డింగ్ ఎవరిదన్న పేచీ వస్తుంది. మాటలెవరివి, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నది అక్కాతమ్ముళ్లయినా సరే, పాట పూర్తయిన రోజే రాసి సంతకాలు పెట్టుకోండి. తర్వాత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం, ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తుపట్టే ఐఎస్‌ఆర్‌సీ నంబరు తీసుకోండి.

కచేరీలకు వాళ్లు తొందరపడలేదు, తొలి టూర్ 2006లోనే. ఆ ఏటి 'సైలెంట్ షౌట్' వాళ్ల పనిలో శిఖరమని మా అభిప్రాయం. 2013లో 'షేకింగ్ ద హాబిచువల్' తెచ్చి, 2014లో జట్టు ముగించారు.

ప్ర: ద నైఫ్ పాటల్లో బొంగురు మగగొంతు ఎవరిది? మేం గొంతు దించితే శృతి తప్పుతోంది.
– ఓ పాఠకుడు, రాజోలు

జ: అదీ జంటలో పాటలు పాడే కారిన్ గొంతే, స్థాయి మార్చే పిచ్ షిఫ్టర్‌తో దించింది. మీరు అసలు శృతిలోనే పాడి తర్వాత దించుతున్నట్టున్నారు, తేడా అక్కడే వస్తోంది. పాట 4 శృతిలో ఉంటే, ముందు వాద్యాల ట్రాక్‌ను 3 సెమిటోన్లు (అర మెట్లు) పెంచండి. అంటే 5½ శృతి. దానికి పాడి, ట్రాక్‌ను మళ్లీ 4కి తెచ్చి, గొంతునూ అదే 3 దించండి. గొంతు తీరును నిర్ణయించే ఫార్మెంట్‌ను కాపాడే మీట ఆపేయండి. అది పనిచేస్తుంటే స్థాయి తగ్గినా గొంతు మారదు. 5 సెమిటోన్లు దాటి దించితే హల్లులు ముద్దయిపోతాయి. అప్పుడు దించని గొంతును అడుగున సన్నగా కలపండి, మాట తేటపడుతుంది.

గొంతుతోపాటు ఫ్యాను హోరు, వానాకాలం కప్పల బెకబెక కూడా దిగి బురద కడతాయి. కాబట్టి చిన్న చప్పుళ్లను ఆపేసే నాయిస్ గేటు షిఫ్టర్‌కి ముందుండాలి. కోనసీమ తేమకి కండెన్సర్ మైకు చిటపటలాడుతుంది. పని కాగానే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. ముసురు రోజుల్లో డైనమిక్ మైకే మేలు.