ఎవరిదీ కాని పేపరు గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

డిగ్రీ పాఠ్యప్రణాళికను కొత్తగా కూర్చే సంఘానికి నీవు అధ్యక్షత వహిస్తున్నావనీ, సైన్సు విద్యార్థులకు చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్య విద్యార్థులకు గణాంకశాస్త్రం తప్పనిసరి చేయదలచావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. గర్వంతో రెండుసార్లు చదివాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్షల విభాగం వారిని మొదటి సమావేశానికే పిలువు. క్రెడిట్లను విద్యార్థి పనిగంటల్లోకి మార్చి చూసుకో: ఐరోపా విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కొక్కటి 25 నుంచి 30 గంటల పని, అందులో తరగతి బయటి చదువు కూడా చేరి ఉంటుంది. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నేను చేసిన తప్పు. ఇలాంటి సంఘంలో కూర్చున్నప్పుడు నాకు ఇంచుమించు నీ వయసే. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన ఎలియట్ విద్యార్థులకు కోర్సులు ఎంచుకునే స్వేచ్ఛను ఎలా పెంచాడో, 1909లో ఆ పదవికి వచ్చిన లోవెల్ ఒక శాస్త్రంలో లోతు, మిగిలినవాటిలో పరిచయం ఉండాలని ఎందుకు పట్టుబట్టాడో చదువుకుని వెళ్లి, లోవెల్ పక్షాన గట్టిగా వాదించి నెగ్గాను. నెగ్గాక ఆ పరిచయానికి చోటు కావలసి వచ్చింది. ప్రతి శాఖా తన క్రెడిట్లు వదలనంది. చివరికి ఒక్క పేపరు దగ్గర మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. అది భౌతికశాస్త్ర విద్యార్థుల కోసం గణితశాఖ చెప్పే వెక్టర్ కాలిక్యులస్. చెప్పేవారికి అది తమ విద్యార్థుల పేపరు కాదు, చదివేవారి శాఖకు అది తమ పేపరు కాదు. ఆ మౌనాన్ని నేను అంగీకారం అనుకుని, రెండో సెమిస్టరు నుంచి దానిని కొట్టివేశాను.

తరువాతి ఏడాది విద్యుదయస్కాంతత్వం తరగతిలో మాక్స్‌వెల్ సమీకరణాలు వచ్చేసరికి, ఆ కొట్టివేసిన పేపరులో నేర్పవలసిన డైవర్జెన్స్, కర్ల్ అంటే ఏమిటో పిల్లలకు తెలియలేదు. అవి పోయిన సంగతి ఆ అధ్యాపకునికి ఎవరూ చెప్పలేదు. కొందరు బట్టీ పట్టి గట్టెక్కారు. భౌతికశాస్త్రమంటే ప్రాణం పెట్టే ఒక కుర్రవాడు తప్పి, నా గదికి వచ్చి, తనకు ఈ శాస్త్రం రాదని అర్థమైంది కనుక మానేస్తానన్నాడు. రానిది అతనికి కాదని, మేమే నేర్పలేదని చెప్పాను. అతను నమ్మలేదు, మానేశాడు. అప్పటికి మా సంఘం రద్దయి ఏడాది దాటింది. ఆ కుర్రవాడి మార్కుల పత్రం మీద నా సంతకం లేదు కానీ, ఆ తప్పు నాదే.

అందుకే చెబుతున్నాను. క్రెడిట్ల పట్టిక ముట్టుకోకముందే ఏ పేపరు దేని మీద నిలబడి ఉందో పెద్ద కాగితం మీద గీయించు. గీయవలసింది శాఖాధిపతులు కాదు, చివరి ఏడాదికి పాఠం చెప్పేవారు, ఎందుకంటే కింది మెట్టు విరిగితే మొదట తెలిసేది వారికే. ఒక శాఖ మరొక శాఖ పిల్లలకు చెప్పే ప్రతి పేపరుకూ పేరు పెట్టి ఒక బాధ్యుణ్ణి నియమించు.

నీవు రాసిన ఆ ఎనిమిది పరిచయ పేపర్లు, ఒక్కొక్కటి 2 క్రెడిట్లు, చూసి నాకు కోపం వచ్చింది. అన్నింటినీ కాస్త కాస్త రుచి చూపితే ఏ ఒక్కదాని ఆలోచనా పద్ధతీ పట్టుబడదని నీకు తెలియదా? రెండు చాలు, కానీ నిండుగా ఉండాలి, అనుభవజ్ఞులే చెప్పాలి. సాహిత్య విద్యార్థికి గణాంకశాస్త్రం నేర్పాలంటే వాడి సామగ్రితోనే నేర్పించు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాలలో కర్త ఎవరో తేలని 12 వ్యాసాలను మాడిసన్ రాసినట్టు గణాంకశాస్త్రవేత్తలు మోస్టెలర్, వాలెస్ 1964లో చూపినది చిన్న చిన్న మాటల వాడుకను లెక్కగట్టే. అటువంటి లెక్క సాహిత్య విద్యార్థికి పరాయిది కాదు.

కోప్పడ్డానని నొచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు కూడా నీవు అన్నీ ఒకేసారి కావాలనేదానివి, నేనే కాదనలేకపోయేవాడిని. ఓటింగుకు ముందే ఆ పటం ప్రతి ఒకటి నాకు పంపు. ఏ పేపరు దగ్గర ఎవరూ మాట్లాడలేదో దాని చుట్టూ ఎర్ర సిరాతో గుర్తు పెట్టి పంపు, నేను ముందు దానినే చూస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న